డోర్ లాక్ అని వెనక్కి వెళ్లిన కవరును, పార్సిల్‌ను మళ్లీ తెప్పించుకోవడం ఎలా?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పగలు తలుపు తీసేవాళ్లుండరు. పోస్ట్‌మన్ వస్తాడు, తాళం చూస్తాడు, వెళ్లిపోతాడు. సాయంత్రం ఫోన్ చూసుకుంటే 'డోర్ లాక్డ్' అని ఉంటుంది. రేపు మళ్లీ తెస్తాడులే అని ఊరుకుంటాం. తేవచ్చు, తేకపోనూవచ్చు. ఈలోగా ఆ కవరు మన ఊళ్లోనే, మన వీధికి డెలివరీ ఇచ్చే పోస్టాఫీసులోనో కొరియర్ గోడౌన్‌లోనో మన కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అక్కడ దాన్ని ఉంచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో మనం కదిలితే చేతికొస్తుంది, కదలకపోతే పంపినవాళ్ల దగ్గరికి తిరుగు ప్రయాణం కడుతుంది. బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

1. నంబరు దగ్గర పెట్టుకోండి

పోస్టు ద్వారా వచ్చిందైతే ట్రాకింగ్ నంబరు 13 అక్షరాలుంటుంది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్'. స్పీడ్ పోస్టు నంబరు 'ఇ'తో మొదలవుతుంది. మీ దగ్గర నంబరు లేకపోతే పంపినవాళ్లను అడిగి రసీదు ఫొటో తెప్పించుకోండి. నంబరు లేకుండా కౌంటర్ దగ్గరికి వెళ్లి "నా పేరు మీద ఏదో వచ్చిందట" అంటే వెతికే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. వాళ్ల తప్పు కూడా కాదు, రోజూ వచ్చే సంచులు అన్ని ఉంటాయి.

ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లోనో డాక్ సేవా యాప్‌లోనో ఆ నంబరు కొట్టండి. వచ్చిన వరసలో మీరు చూడవలసినవి మూడు: చివరగా ఏ ఆఫీసు పేరు ఉంది, తేదీ ఎంత, రిమార్కు ఏం రాశారు. ఆఫీసు పేరు కాగితం మీద రాసుకోండి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న పోస్టాఫీసే మీకు డెలివరీ ఇస్తుందని అనుకోవద్దు. చాలా సబ్ పోస్టాఫీసుల్లో బుకింగ్, సేవింగ్స్ పనులే జరుగుతాయి, పోస్ట్‌మన్లు వేరే ఆఫీసు నుంచి బయల్దేరతారు. ఈ మధ్య కొన్ని చోట్ల డెలివరీ అంతటినీ ఒకే కేంద్రం నుంచి నడుపుతున్నారు కూడా. అందుకని ట్రాకింగ్‌లో కనిపించిన ఆఫీసు పేరు పట్టుకునే వెళ్లాలి.

2. రిమార్కును బట్టి పని

'డోర్ లాక్డ్' అంటే తాళం వేసి ఉంది, మళ్లీ ప్రయత్నిస్తారు. 'ఇంటిమేషన్ డెలివర్డ్' అంటే చీటీ ఇచ్చారు, ఇక మీరే వచ్చి తీసుకోవాలి. చీటీ తలుపు సందులోనో, పాల సంచిలోనో, వాచ్‌మన్ దగ్గరో ఉండొచ్చు, ఒకసారి వెతకండి. 'ఇన్‌సఫిషియెంట్ అడ్రస్' అని ఉంటే అడ్రసులో ఏదో తక్కువైంది. ఆ రోజే వెళ్లి సరైన అడ్రసు చెప్పకపోతే ఎన్నిసార్లు తిప్పినా ఇల్లు దొరకదు. 'లెఫ్ట్' అంటే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారని ఎవరో చెప్పారు. అద్దె ఇళ్లలో పక్క పోర్షన్ వాళ్లు తెలియక అలా చెప్పేస్తుంటారు.

'రిఫ్యూజ్డ్' అన్న మాట కనిపిస్తే మాత్రం తేలిగ్గా వదలకండి. అంటే మీరు తీసుకోనని తిప్పి పంపారని రికార్డైంది. మీరు అలా అనలేదా? ఆ రోజే పోస్టుమాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం చేయించుకోండి. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

3. పోస్టాఫీసుకు వెళ్లడం

మామూలుగా ఇలాంటి కవర్లను వారం రోజులు ఉంచుతారు. ఆదివారాలు, సెలవులు మధ్యలో పడితే మీకు చేతిలో ఉండేవి ఇంకా తక్కువ. కాబట్టి శనివారం మెసేజ్ వస్తే సోమవారం ఉదయమే వెళ్లండి.

వేళ ముఖ్యం. పోస్ట్‌మన్లు ఉదయం కవర్లు సర్దుకుని బీటుకు, అంటే తమకిచ్చిన వీధులు తిరగడానికి, బయల్దేరతారు. వాళ్లు బయల్దేరే ముందు వెళ్తే మనిషీ దొరుకుతాడు, కవరూ దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే కవరు ఆయన సంచిలో పడి వీధులు తిరుగుతూ ఉంటుంది, మీరు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటారు. ఉదయం కుదరకపోతే ఆయన తిరిగి వచ్చి లెక్క అప్పజెప్పే వేళకి వెళ్లండి. ఆఫీసుకు ఒకసారి ఫోన్ చేసి ఆ వేళ కనుక్కుంటే ఇంకా మంచిది.

ఆధార్ ఒరిజినల్, ఒక జిరాక్సు, ట్రాకింగ్ నంబరు, ఇచ్చి ఉంటే ఆ చీటీ తీసుకెళ్లండి. కవరు మీది పేరుకూ ఆధార్‌లో పేరుకూ తేడా ఉంటే రెండు పేర్లూ ఉన్న కాగితం ఏదైనా వెంట ఉంచుకోండి. మన ఇంటిపేర్లతో ఈ చిక్కు తరచూ వస్తుంది. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో ఆధార్, అత్తింటి పేరుతో కవరు ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది.

కౌంటర్ దగ్గర ఇలా అడగండి: "సార్, ఈ నంబరు కవరు నిన్న డోర్ లాక్ అని వెనక్కి వచ్చింది. విండో డెలివరీ తీసుకుంటాను." వాళ్ల వాడుకలో విండో డెలివరీ అంటే కౌంటర్ దగ్గరే ఇచ్చేయడం. ఆ మాట వాడితే మీకేం కావాలో వెంటనే అర్థమవుతుంది. ఇంటికే తెచ్చివ్వాలంటే, "రేపు పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో మనిషి ఉంటాడు, ఒకసారి తెప్పిస్తారా?" అని చెప్పి, మీ ఫోన్ నంబరు పోస్ట్‌మన్‌కే రాసివ్వండి. మీ బీటు పోస్ట్‌మన్‌తో పరిచయం ఉండటం ఎంత మేలో మాటల్లో చెప్పలేను. పండక్కి ఓ మాట, ఎండలో వచ్చినప్పుడు చల్లటి మంచినీళ్లు. మే నెలలో గుంటూరు ఎండలో సైకిల్ మీదో బండి మీదో తిరిగే మనిషికి అంతకంటే ఏం కావాలి? "పోస్ట్‌మన్ గారూ, తాళం ఉంటే కింద ఇంట్లో పిన్నిగారికి చెప్పండి" అని ఒకసారి చెప్పి ఉంచితే ఆ తర్వాత ఆయనే గుర్తుపెట్టుకుంటాడు.

ఒక సంగతి తెలుసుకోవాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. మామూలు స్పీడ్ పోస్టును ఆ అడ్రసులో ఉన్న ఇంటి మనిషికి ఇస్తారు. పంపినవాళ్లు 'రిజిస్ట్రేషన్' అని అదనంగా కట్టి పంపితే ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే, లేదా వాళ్లు అధికారం ఇచ్చినవాళ్లకే ఇస్తారు. ఓటీపీ డెలివరీ అని ఇంకొకటి ఉంది, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెబితేనే చేతికిస్తారు. ఈ రెండింటికీ విడివిడిగా 5 రూపాయలు, పైన జీఎస్టీ. కాబట్టి ఇంట్లో అత్తగారు ఉండి కూడా కవరు వెనక్కి వెళ్లిందంటే పోస్ట్‌మన్‌ను కోప్పడకండి. అది ఈ రకం అయ్యుండొచ్చు.

మీరు వెళ్లలేకపోతే వేరేవాళ్లను పంపొచ్చు, చేతిలో ఉత్తరం ఉండాలి. తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు:

"పోస్టుమాస్టర్ గారికి, నమస్కారం. నా పేరు మీద వచ్చిన స్పీడ్ పోస్టు (నంబరు ఫలానా) ఫలానా తేదీన తలుపు తాళం వేసి ఉన్నందున డెలివరీ కాలేదు. ఆరోగ్యం బాగాలేక (లేదా ఊళ్లో లేక) నేను రాలేకపోతున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన నా తమ్ముడు ఫలానా వారికి ఆ కవరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వారి సంతకం, నా సంతకం కింద ఉన్నాయి. ఇద్దరి ఆధార్ జిరాక్సులు జతచేశాను."

ఇద్దరూ మామూలుగా పెట్టే సంతకాలే పెట్టండి. ఇంత రాసిచ్చినా మనిషే రావాలని పోస్టుమాస్టర్ అంటే, ఏ నిబంధన ప్రకారమో మర్యాదగా అడగండి. ఓటీపీ రకమైతే ఆ వేళకి మీరు ఫోన్‌లో అందుబాటులో ఉండాలి.

పని జరగకపోతే ఇండియా పోస్ట్ టోల్ ఫ్రీ నంబరు 1800 266 6868కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ పైన డివిజన్ సూపరింటెండెంట్‌కు రాయండి. ఆంధ్రప్రదేశ్ పోస్టల్ సర్కిల్ ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది.

4. లీగల్ నోటీసు అనుకుని తప్పించుకోవద్దు

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ, బెజవాడ ఆటోనగర్ షెడ్లలో వ్యాపారం సగం చెక్కుల మీదే నడుస్తుంది. చెక్కు బౌన్సైతే నోటీసు వస్తుంది. చాలామంది ఆ కవరును చూసి, "తీసుకోకపోతే అందనట్టేగా" అని తలుపు వేసుకుంటారు, లేదా వారం గడిచేదాకా పోస్టాఫీసు వైపు పోరు. పక్కింటివాళ్లు కూడా అదే సలహా ఇస్తారు. అది మునిగే సలహా.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం, చెక్కు బౌన్సైనట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో అవతలివాళ్లు నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కడితే కేసు ఉండదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 ఇంకో మాట చెబుతుంది: సరైన అడ్రసుకు, డబ్బు కట్టి, రిజిస్టరు చేసి పంపిన ఉత్తరం, అందలేదని రుజువు చేస్తే తప్ప, అందినట్టే లెక్క. సుప్రీంకోర్టు 2007లో సి.సి. అలవి హాజీ కేసులో చెక్కు నోటీసులకు ఇదే వర్తింపజేసింది. అంటే కవరు తీసుకోకపోతే మీకు మిగిలేది ఏమీ లేదు, అందులో ఏముందో చదువుకునే అవకాశం, డబ్బు సర్దుకునే ఆ 15 రోజులు మాత్రం పోతాయి. నోటీసు నిజంగా అందలేదు అనేవాళ్లకు అదే తీర్పు ఒక దారి చూపింది: కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో కట్టేయొచ్చు.

కాబట్టి అనుమానం కవరైనా తెచ్చుకోండి. తీసుకున్న తేదీ కవరు మీదే రాసుకుని, ఆ సాయంత్రమే వకీలు గారికి చూపించండి. 'రిఫ్యూజ్డ్' అన్న మాటను వదలొద్దన్నది ఇందుకే.

5. పాస్‌పోర్టు, ఏటీఎం కార్డు

వీటిని మీరు ఇచ్చిన అడ్రసుకు స్పీడ్ పోస్టులో పంపుతారు. పాస్‌పోర్టు మీ చేతికే ఇస్తారు, పోస్ట్‌మన్ మీ గుర్తింపు కార్డు చూస్తాడు. గడువు దాటితే అది పంపిన పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లిపోతుంది. అప్పుడు అక్కడికి ఎంక్వయిరీకి వెళ్లవలసి వస్తుంది. ట్రాకింగ్‌లో మీ ఊరి పేరు కనిపించిన రోజు నుంచే ఇంట్లో ఉండేలా చూసుకోండి. ఏటీఎం కార్డు, చెక్కు పుస్తకం తిరిగి వెళ్తే ముందు బ్యాంకు బ్రాంచిలో అడగండి.

6. కొరియర్ పార్సిల్

కొరియర్ వాళ్ల దగ్గర గడువు ఇంకా తక్కువ. రెండు మూడుసార్లు ప్రయత్నించి 'ఆర్‌టీఓ' పెట్టేస్తారు. ఇక్కడ ఆర్‌టీఓ అంటే పంపినచోటికి వాపసు. ఆ స్టేటస్ పడ్డాక ఆపించడం కష్టం. మొదటిసారి తప్పిన రోజే యాప్‌లో రీషెడ్యూల్ నొక్కి తేదీ మార్చుకోండి. యాప్ లేకపోతే మెసేజ్‌లో వచ్చిన డెలివరీ బాయ్ నంబరుకు ఫోన్ చేయండి. ఏ వస్తువు, ఏ గుర్తు, ఎప్పుడు, ఈ మూడూ ఒకే గుక్కలో చెప్పేయండి:

"తమ్ముడూ, అరండల్‌పేట పార్సిల్ గురించి. నిన్న మిస్సయింది కదా. ఇవాళ నాలుగు తర్వాత ఇంట్లోనే ఉంటాం. ఒకవేళ లేకపోతే కింద మెడికల్ షాపులో ఇచ్చెయ్, వాళ్లకి చెప్పాను."

"సరే అన్నా, ఓటీపీ వస్తుంది, షాపులో ఇచ్చేటప్పుడు ఫోన్ చేస్తా, చెప్పండి."

మెడికల్ షాపు, కిరాణా కొట్టు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఇస్త్రీ బండి, ఎవరో ఒకరు ఇలాంటి వాటికి మనకు ఉండాలి. వాళ్లకు ముందుగా చెప్పి ఒప్పించడం మన పని, డెలివరీ బాయ్ పని కాదు.

రాకుండానే 'కస్టమర్ నాట్ అవేలబుల్' పెట్టేసేవాళ్లూ ఉన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పొద్దస్తమానం గేటు దగ్గరే ఉన్నా ఒక కొరియర్ సంస్థ వరసగా అదే మాట పెట్టింది. ఆ వేళకి గేటు ముందు ఎవరూ రాలేదని చూపే సీసీ కెమెరా వీడియోను, స్టేటస్ స్క్రీన్‌షాట్‌ను కలిపి అమ్మినవాళ్లకు మెయిల్ చేస్తే పార్సిల్ కదిలింది. కొరియర్‌కు డబ్బిచ్చేది అమ్మినవాళ్లు కాబట్టి ఫిర్యాదు అటు నుంచి నరుక్కురావాలి. వాళ్లూ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఆర్టీసీ కార్గోలో వచ్చిన సరుకైతే, అంటే ఊరి నుంచి అమ్మ పంపిన ఆవకాయ జాడీయో బియ్యం బస్తానో అయితే, బెజవాడలో పండిట్ నెహ్రూ బస్టాండు, గుంటూరులో ఎన్టీఆర్ బస్టాండు కార్గో కౌంటర్‌కు మీరే వెళ్లాలి. ఆలస్యం చేస్తే డెమరేజ్, అంటే సరుకు ఉంచినందుకు అదనపు రుసుము, పడుతుంది. ఇంటికి తెచ్చివ్వాలంటే బుక్ చేసేటప్పుడే అడిగి కట్టాలి.

7. లింకు నొక్కమంటే నొక్కొద్దు

"మీ పార్సిల్ డెలివరీ కాలేదు, అడ్రసు సరిగా లేదు, 24 గంటల్లో ఈ లింకులో సరిచేయండి" అని మెసేజ్ వస్తే అది మోసం. పోస్టల్ శాఖ పేరుతోనే తిరుగుతోంది, ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం దీని మీద హెచ్చరించింది. లింకు తెరిస్తే అసలు సైటులాగే ఉంటుంది. మళ్లీ డెలివరీకి పాతిక రూపాయలు కట్టమంటుంది. పాతికే కదా అని కార్డు నంబరు ఇచ్చారంటే వాళ్లకు కావలసింది దొరికినట్టే. నిజంగా ఏదైనా రావలసి ఉంటే, మీ దగ్గరున్న ట్రాకింగ్ నంబరును మీరే అసలు సైటు తెరిచి కొట్టి చూసుకోండి.

ఇంకో రకం ఫోన్‌లో చేస్తారు. కొరియర్ బాయ్‌నని చెప్పి, డెలివరీ ఖాయం చేయడానికి స్టార్‌తో మొదలై హ్యాష్‌తో ముగిసే ఓ కోడ్ డయల్ చేయమంటాడు. చేస్తే మీ కాల్స్ అతని ఫోన్‌కి మళ్లుతాయి, బ్యాంకు నుంచి ఫోన్‌లో చెప్పే ఓటీపీలతో సహా. అప్పటికే చేసి ఉంటే వెంటనే ##002# డయల్ చేయండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. డబ్బు పోతే 1930కి అప్పటికప్పుడు ఫోన్ చేయాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రెండూ కూర్చోబెట్టి చెప్పండి. పిల్లలు అమెరికా నుంచి ఏదో పంపారేమోనన్న ఆశలో వాళ్లే ఎక్కువ నొక్కుతారు.

8. మళ్లీ తప్పకుండా అడ్రసు సరిచేయండి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వాళ్లు అడ్రసును '4/14' అని రాస్తారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఊరివాళ్లకు తెలుసు. కొత్తగా చేరిన డెలివరీ కుర్రాడికి అది డోర్ నంబరులా కనిపిస్తుంది. అసలు డోర్ నంబరు మధ్యలో గీతలతో ఇంకో పొడవాటి అంకె. రెండూ పక్కపక్కనే ఉంటే ఏది ఏమిటో తేల్చుకోలేక ఫోన్ చేస్తాడు, మీరు ఎత్తకపోతే వెళ్లిపోతాడు. అందుకే '4వ లైను, 14వ అడ్డరోడ్డు' అని మాటల్లో రాయండి. బెజవాడలో బందరు రోడ్డునే కొందరు ఎం.జి. రోడ్డు అని రాస్తారు, ఏదో ఒకటి రాసి పక్కన గుర్తు చెప్పండి. అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాట్ నంబరు, ఎన్నో అంతస్తు, ఫోన్ నంబరు ఉండాలి.

పిన్‌కోడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. 1972 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న ఈ ఆరంకెల్లో మొదటి మూడూ ఉత్తరాలు వేరుచేసే జిల్లాను చెబుతాయి, చివరి మూడూ డెలివరీ ఆఫీసును. భవానీపురం 520012, సింగ్‌నగర్ 520015, బ్రాడీపేట 522002. ఊరి పేరు రాశాం కదా అని చివరి అంకె తప్పు వేస్తే కవరు ఊళ్లోకి వచ్చి కూడా వేరే ఆఫీసు సంచిలో పడుతుంది. షాపింగ్ యాప్‌లలో పాత అద్దె ఇంటి అడ్రసు ఉంటే చెరిపేయండి. ఇల్లు మారితే పాత పోస్టాఫీసులో కొత్త అడ్రసు రాసిచ్చి రండి.

9. పంపింది మీరే, తిరిగొచ్చింది మీకే అయితే

ముందు కవరు మీద పోస్ట్‌మన్ రాసిన రిమార్కు చదవండి. తాళం అని ఉంటే అవతలివాళ్లకు ఫోన్ చేసి ఇంట్లో ఉండే రోజు కనుక్కోండి. అడ్రసు అని ఉంటే వాళ్ల చేతే వాట్సాప్‌లో కొత్తగా రాయించుకోండి. మీ దగ్గరున్న పాతదాన్నే మళ్లీ ఎక్కించొద్దు. మళ్లీ పంపాలంటే మళ్లీ బుకింగే, పూర్తి చార్జీ పడుతుంది, కొత్త నంబరు వస్తుంది. పాత కవరును విప్పకుండా కొత్త కవరులో పెట్టి పంపితే లోపలి కాగితాలు నలగవు. ముట్టజెప్పేది ఆ మనిషికే కావాలంటే ఈసారి రిజిస్ట్రేషన్ అడగండి.

అదే మీరు పంపిన లీగల్ నోటీసు తిరిగొస్తే ఆ కవరు చింపనే వద్దు. పోస్టాఫీసు ముద్రలు, తేదీలు, రిమార్కు ఉన్న ఆ మూసిన కవరే కోర్టులో మీ సాక్ష్యం. బుకింగ్ రసీదు, ట్రాకింగ్ ప్రింటు దానికి పిన్ చేసి వకీలు గారికి ఇవ్వండి. ఆన్‌లైన్‌లో ట్రాకింగ్ వివరాలు ఎల్లకాలం ఉండవు కాబట్టి ప్రింటు ఆ వారంలోనే తీసుకోండి.